కళ్ళను పట్టే కెమెరా

"కళ్ళు మాత్రం తప్పకూడదండీ. మిగతా ముఖం ఎలా వచ్చినా నేను సర్దుకుంటాను."

కెమెరా సంచుల అర చాటున నిలబడ్డ ఆమె చెవులు రిక్కించింది. ఆ గొంతు ఆమె మొగుడిదే. ఎవరింట్లోనో పాపకు ఫోటోలు తీయాలని చెప్పి బయల్దేరిన మనిషి, వీధి మలుపు తిరగగానే ఈ దుకాణంలో దూరాడు. అనుమానం ఆగక ఆమె కూడా వెనకే వచ్చింది. స్టూడియోలో నిక్షేపంలాంటి కెమెరా ఉండగా ఇంకొకటి దేనికి? అదీ పెళ్ళానికి చెప్పకుండా?

"పోర్ట్రెయిట్లకేనా సార్?" అన్నాడు సేల్స్‌మన్.

"వాటికే. ఎదురుగా ఒక్క మనిషి, ఒక్క ముఖం. అంతే."

ఒక్క ముఖమట. ఆమె పళ్ళు పటపటా కొరికింది. కొన్నాళ్ళుగా ఈయన తన ముఖంలోకి సూటిగా చూడటం మానేశాడు. మాట్లాడినా గోడకు చెప్పినట్టు పక్కకు తిరిగే చెబుతున్నాడు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?

"అయితే ఈ లెన్సు తీసుకోండి. వెనకదంతా మసకైపోయి, మనిషి ఒక్కరే తేలి కనిపిస్తారు."

"మసకకేం లోటు లేదు గానీ, కళ్ళెక్కడున్నాయో కెమెరాయే వెతుక్కోవాలి. నేను తిప్పి సరిచేసుకునే పని పెట్టకూడదు."

"ఇది దానంతటదే పట్టేస్తుంది సార్. మనిషి కదిలినా వదలదు."

"ఎవరినైనా కూర్చోబెట్టండి, ఒకటి తీసి చూస్తాను."

సేల్స్‌మన్ చుట్టూ చూసి ఆమెను పిలిచాడు. "మేడమ్, ఒక్క నిమిషం ఈ స్టూల్ మీద కూర్చుంటారా?"

ఆమె తిన్నగా వెళ్ళి మొగుడికి ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. నోరు మెదపలేదు. ఈ మహానుభావుడి ముఖంలో రంగులెలా మారతాయో చూద్దామనుకుంది.

ఏ రంగూ మారలేదు.

"కొంచెం గడ్డం దించండమ్మా," అన్నాడతను, కొత్తవాళ్ళతో అన్నట్టు.

ఎంత నటన! కడిగి పారేద్దామని ఆమె నోరు తెరవబోయేలోగా కెమెరా క్లిక్‌మంది.

అతను తెర వంక చూడనైనా చూడకుండా కెమెరాను సేల్స్‌మన్ చేతికిచ్చాడు. "కళ్ళు పదునుగా వచ్చాయా? మీరే చూసి చెప్పండి."

"రెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు సార్."

"బతికించారు. ఇదే కట్టివ్వండి. ఇంట్లో తెలియకుండా ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు."

ఆమె దిగ్గున లేచి నిలబడింది. ఆ అలికిడికి అతను ఇటు తిరిగి, ఆమె చెవి పక్కన ఉన్న ఖాళీలోకి చూస్తూ మర్యాదగా నవ్వాడు.

"చాలా థాంక్సండీ. మీ ఫోటో కావాలంటే మా స్టూడియోకి రండి. నేను లేకపోయినా మా ఆవిడ ఉంటుంది."