అతిథికి మంచినీళ్లు

మా జిల్లాలో కిడ్నీ జబ్బు తగలని ఇల్లు లేదు. అందుకే ఇప్పుడు ప్రతి ఇంటి కుళాయీ వేలిముద్ర చూసి, ఒంటికి తగినన్ని నీళ్లే ఇస్తుంది. మా ఆవిడ ఆదెమ్మకు రోజుకు రెండు గ్లాసులు; బయట ఏం తాగినా చేతికి వేసిన కడియం లెక్కేస్తుంది. ఈ ఏర్పాటు చేసిన కూర్మారావుగారు ఒకప్పుడు ఆమెకు డయాలసిస్ చేసిన డాక్టరే. ఇప్పుడు రాష్ట్ర ఆరోగ్యశాఖకు పెద్ద. నిన్న మమ్మల్ని చూసిపోదామని వచ్చారు.

"అప్పుడు దాహమంటే మీ సేత్తో ఐసుముక్క నోట్లో ఎట్టీవోరు బాబూ," అంది ఆదెమ్మ. "ఇయ్యాల గుళ్లో తీర్తం కూడా ఈ కడియం లెక్కేసింది. ఇంకొక్క గుక్క ఇప్పించండి."

"అప్పుడు మిమ్మల్ని ఒక్కరినే చూసి చెప్పేవాణ్ణమ్మా. ఇప్పుడు మీకిమ్మంటే లక్షమందికి ఇమ్మన్నట్టే. అందులో ఒంట్లో నీరు ఎక్కువై ఎందరు పోతారో నాకు తెలుసు."

ఆదెమ్మ తలూపి నావైపు తిరిగింది. "ఇంటికొచ్చినోరికి నీళ్లియ్యరేటి?"

డాక్టరుగారి వేలు తగలగానే కుళాయి గ్లాసు నిండా పోసింది. అందులో చుక్క ఆమె గొంతు దిగినా, చేతి కడియం పసిగట్టి రేపటి వాటా తగ్గిస్తుంది. జాలిపడి ఇచ్చేవాళ్లు ఉంటారని ఆ కడియం పెట్టించింది కూడా ఆయనే.

ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జబ్బు ఇచ్చిన దేవుడు దాహమైనా తీసేసి ఉండకూడదా అనుకున్నాను.

"తాగండి బాబూ," అంది ఆదెమ్మ. "నాను సూస్తుంటాను."