మాస్త్రో పాదం

“లోపలికి పంపను మాస్త్రో! కావాలంటే నా పీక కోయండి” అంటూ గేటుకు అడ్డంగా చేతులు చాపాడు కాపలాదారు బెనిగ్నో.

నికనోర్ పెరాల్తా నిర్ఘాంతపోయాడు. పద్నాలుగేళ్లు లూసేరో ఫుట్‌బాల్ క్లబ్ తరఫున మైదానం నడిమధ్య ఆడి, మూడు కప్పులు తెచ్చిపెట్టి, అందరిచేతా ‘మాస్త్రో’, అంటే గురువు, అనిపించుకున్న మనిషి. వేలెత్తి పైకి చూపించాడు. “ఆ గేటుకి ఎవడి పేరు పెట్టారో చదవరా!”

“మీదే. అందుకే టోపీ తీసి మరీ చెబుతున్నా. ఆట మానేశాక మీరు నాలుగు మ్యాచ్‌లు చూడ్డానికొచ్చారు. నాలుగూ ఓడాం. ఇవాళ మరీనో జట్టు చేతిలో ఓడితే రెండో డివిజన్‌కి దిగజారిపోతాం.”

“గోల్‌కీపర్ చేతులకి వెన్న రాసుకుంటే నా తప్పా?”

“బంతి తన్నినన్నాళ్లూ మీది బంగారు పాదం. గ్యాలరీ మెట్లెక్కితే ఇనప పాదం.”

వరుసలో నిలబడ్డవాళ్లు మాస్త్రోని చూసి ఎగబడ్డారు. ఒకడు చొక్కా మీద సంతకం పెట్టించుకున్నాడు. ఓ ముసలమ్మ ఆయన రెండు బుగ్గలూ ముద్దాడింది. “మా ఇంట్లో మేరీమాత పక్కన నీ ఫొటోనే నాయనా! నీకు పుణ్యముంటుంది, ఇంటికి పో!”

మగాళ్లంతా దిష్టి తగలకుండా ఎడమ చేతులు జేబుల్లో దోపుకున్నారు.

“పోనీ, ఇంట్లో రేడియో వింటాలే” అన్నాడు నికనోర్, గొంతు తగ్గించి.

“అమ్మో! పోయిన నెల విన్నారుగా? మూడు గోల్స్ పడ్డాయి. మీరెక్కడ కూర్చున్నా అంతే మాస్త్రో. మేం గెలవాలని మీరు కోరుకుంటే చాలు, మునిగిపోతాం.”

నికనోర్ మొహం కందగడ్డయింది. వెనుదిరిగాడు.

మ్యాచ్ మొదలైన పది నిమిషాలకే మరీనో గోల్ కొట్టింది. ‘ఆయన్ని గెంటేసినా ఇదేం ఖర్మ!’ అని తల బాదుకున్నాడు బెనిగ్నో.

విరామం తర్వాత కథ తిరగబడింది. మరీనో గోల్‌కీపర్ జారిపడ్డాడు. ఒకటి! వాళ్ల డిఫెండర్ బంతిని తలతో సొంత గోల్లోకే కొట్టాడు. రెండు! స్టేడియం దద్దరిల్లింది. బెనిగ్నో గేటు వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

లూసేరో జనం మైదానం వైపు చూడ్డంలేదు. అందరూ టోపీలు తీసి, ఏడుస్తూ, నవ్వుతూ ఎదుటి గ్యాలరీ వైపు చూస్తున్నారు.

అక్కడ మరీనో అభిమానుల భుజాల మీద, జన్మలో ముట్టని మరీనో జట్టు నీలం చొక్కా తొడుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, “జై మరీనో!” అని గొంతు చించుకుంటున్నాడు నికనోర్.