పోలీసు మీద తువ్వాలు

“ఈ క్యాసెట్‌ని కాపీ చేయడం చట్టరీత్యా నేరం. చేశారో, జైలే.”

రిపేరు షాపులోని టీవీలో పోలీసు వేలెత్తి గద్దించేసరికి మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి టీ గ్లాసులో పడింది.

“విన్నారుగా పిన్నిగారూ,” అన్నాడు దాన్ని బయటికి తీసి చొక్కాకి తుడుచుకుంటూ. “నేను చెప్పక్కర్లేదు. ఆయనే చెప్పేశాడు.”

“ఆయన అలాగే అంటారులే బాబూ,” అంది పెద్దావిడ తాపీగా. “నువ్వు కానివ్వు.”

తెర మీది పోలీసుకి కూడా మర్యాద ఇచ్చి మాట్లాడుతోంది. ఇలాంటి మనిషి వచ్చి నేరం చేసిపెట్టమంటే ఏం చెయ్యాలో మెకానిక్‌కి పాలుపోలేదు.

సంగతి చిన్నదే. ఆవిడ దగ్గర ఓ పాత సినిమా క్యాసెట్ ఉంది. టేపు అరిగి అరిగి ఉల్లిపొరలా అయింది. వింతేమిటంటే, అరిగింది మొదట్లో కాస్తే. మిగతాదంతా నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోంది. ఆ కాస్తా తెగిపోయేలోగా ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించమంటుంది. కొత్తది కొందామంటే ఆ సినిమా ఇప్పుడు ఎక్కడా దొరకదు.

కానీ కాపీ తియ్యకుండా కంపెనీవాళ్లు దానికి తాళం వేశారు. రెండు వీడియో మెషిన్లు కలిపి కాపీ తీస్తే బొమ్మ ఓసారి తెల్లబోతుంది, ఓసారి నల్లబడుతుంది. హీరో, హీరోయిన్, గుర్రం, అందరూ నీళ్లలో మునిగిపోతున్నట్టే ఉంటారు. ఆ తాళాన్ని తప్పించే చిన్న డబ్బా ఒకటి మెకానిక్ దగ్గరుంది. చచ్చిపోయిన రిమోట్ల కింద దాచాడు. అది ఉందని పెళ్లానికి కూడా చెప్పలేదు. ఎందుకంటే పెళ్లాం తమ్ముడు లాయరు.

ఇప్పుడు ఆ లాయరుకే ఫోన్ చేశాడు.

“ఒక మాట అడగాలి బామ్మర్దీ. నాకు కాదు, నా ఫ్రెండుకి.”

“నీకు ఫ్రెండ్సెవరున్నారు బావా?”

“ఉన్నాడులే ఒకడు. క్యాసెట్ కొనుక్కున్నవాళ్లు, అది అరిగిపోతుంటే కాపీ తీసుకోవచ్చా?”

“కొన్నది క్యాసెట్‌ని, అందులో సినిమాని కాదు. క్యాసెట్‌ని ఏమైనా చేసుకోవచ్చు. తల కింద పెట్టుకు పడుకోవచ్చు. గోడకేసి కొట్టుకోవచ్చు.”

“కాపీ సంగతి చెప్పు.”

“ఇంట్లో చూసుకోడానికే అంటే, హక్కుందని వాదించొచ్చు. తాళం మాత్రం తప్పించకూడదు.”

“తాళం తప్పించకపోతే కాపీ రాదు కదరా.”

“అవును. హక్కుంది. వాడుకోకూడదు, అంతే.”

మెకానిక్ రిసీవర్‌ని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. అర్థం చెవిని బట్టి మారలేదు.

“పాటలో తాళం తప్పితే చీవాట్లు,” అన్నాడు లాయరు ఉత్సాహంగా. “ఇక్కడ తాళం తప్పిస్తే జైలు. నీ ఫ్రెండుకి చెప్పు.”

“మరి, తప్పించకుండా, డబ్బా ఊరికే అలా పడుంటే?”

అవతల లాయరు కుర్చీ కిర్రుమంది.

“బావా, నీ దగ్గర డబ్బా ఉందా?”

“ఏ డబ్బా?” అని ఫోన్ పెట్టేశాడు.

చెమట తుడుచుకుని పెద్దావిడ వైపు తిరిగాడు. “కుదరదు పిన్నిగారూ. షాపు మూయిస్తారు. నాకు ఇది తప్ప వేరే పని చేతకాదు. పోనీ మంచి కామెడీ సినిమా ఇస్తాను, తీసుకెళ్లండి.”

“కామెడీ నేనేం చేసుకోను? మావారు పోయినప్పట్నుంచీ, సాయంత్రం కంచం ముందు కూర్చుని ఇది పెట్టుకుంటే గానీ ముద్ద దిగట్లేదు.”

“మీవారికి అంత ఇష్టమా ఈ సినిమా?”

“ఎక్కడ. మొదటి ముక్క అవగానే లేచి వెళ్లిపోయేవారు.”

మొగుడికి నచ్చని సినిమాని రోజూ పెట్టుకు చూడటమేమిటో మెకానిక్‌కి అంతుపట్టలేదు. కానీ ముద్ద దిగట్లేదన్నాక కాదనలేకపోయాడు. లేచి షట్టరు సగం దించాడు. రిమోట్ల గుట్టలో చెయ్యి పెట్టాడు. డబ్బాని రెండు మెషిన్ల మధ్య తగిలించి, గుండె రాయి చేసుకుని బటన్ నొక్కాడు.

పోలీసు ప్రత్యక్షమయ్యాడు. బుర్రమీసాలు, ఉరిమే కళ్లు. సూటిగా మెకానిక్ మొహంలోకే చూశాడు. తర్వాత డబ్బా వంక కూడా చూసినట్టే అనిపించింది.

మెకానిక్ ఒక్క గంతు వేసి టీవీ మీద తువ్వాలు కప్పేశాడు.

“తియ్యి బాబూ,” అంది పెద్దావిడ. “ఊపిరాడదు.”

“ఎవరికి?”

ఆవిడే లేచి తువ్వాలు తీసి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. ఈలోగా కాపీ ఎలా వస్తోందో చూపించే రెండో టీవీలో కూడా పోలీసు తేలాడు. ఎక్కడా మునగలేదు. “చేశారో, జైలే,” అని రెండు టీవీల్లోంచీ ఒక్కసారే గద్దించాడు. చేసిన నేరం ఒకటి, చీవాట్లు రెండు. మెకానిక్ నిలబడ్డచోటే చేతులు కట్టుకున్నాడు.

సినిమా పేరు పడబోతోంది.

“చాలు, ఆపెయ్,” అంది పెద్దావిడ.

“సినిమా ఇంకా మొదలే కాలేదు పిన్నిగారూ.”

“సినిమాతో నాకేం పని?”

మెకానిక్ బటన్ నొక్కి ఆపాడు. కాపీని వెనక్కి తిప్పి ఆడించి, సరిగ్గా ‘జైలే’ అన్నచోట బొమ్మని ఆపి చూపించాడు.

ఆవిడ రుమాలు తీసి, వేలెత్తి ఆగిపోయిన పోలీసు మొహం మీది దుమ్ము మెల్లగా తుడుస్తూ, “యూనిఫాం అద్దెది, మీసం అంటించింది, ఆ గొంతు మాత్రం మావారిదే బాబూ,” అంది.