ఆరని చిప్ప

చేతికి చిప్ప వచ్చిందంటే లోకమంతా ఏడుస్తుంది. మ్యూజియంలో శిలాజాలు చూసే పెద్దాయన మాత్రం మురిసిపోయేవాడు. రాళ్ళ గురించి రాయడమే ఆయన ఉద్యోగం. వాటికి అంటిన మట్టిని సూదితో గీకి శుభ్రం చేయడం ఆయన భార్య పని. గీతలు సరిగ్గా కనబడకపోతే ఆవిడ రాయిని నాలుకతో తడిపి చూసేది.

"ఉప్పు సరిపోయిందా?" అని ఆటపట్టించేవాడు.

"మీ మాటలకన్నా రుచిగానే ఉంది," అనేది.

ఆవిడ పోయి రెండు నెలలైంది. ఆఖరుసారి ఆవిడ శుభ్రం చేసిన స్కాలప్ అనే సముద్రపు గుల్ల చిప్ప, రాయిగా మారినది, ఆ రాత్రి ఆయన బల్ల మీద ఉంది. విసనకర్రలా విచ్చుకున్న ఒళ్ళు, జంటలు జంటలుగా గీతలు. ఇంతవరకు ఏ పుస్తకానికీ ఎక్కని జాతి.

కూతురు ఫోన్ చేసింది. "పేరు పెట్టేశారా నాన్నా?"

"అమ్మ పేరే పెట్టాను. ఇంకొక్క మాట రాస్తే అయిపోతుంది."

"ఏ మాట?"

"అంతరించిపోయిందని."

"రాసేసి ఇంటికి రండి నాన్నా," అంది కూతురు.

ఫోన్ పెట్టి చూస్తే చిప్ప ఒక పక్క తడిగా మెరుస్తోంది. గదిలో నీటిచుక్క లేదు. రుమాలుతో తుడిచాడు. కలం అందుకునేలోపే, అదే చోట, నాలుక వెడల్పున మళ్ళీ తడి తేలింది.

ఈసారి తుడవడానికి చేయి రాలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అని మెల్లగా అడిగాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తడి ఆరాక ఆ మాట రాద్దామని కూర్చున్నాడు. కిటికీ తెల్లబడింది. చిప్ప ఇంకా ఆరలేదు.