చెయ్యెత్తిన రాయి

మగ్గం దిగి గురమ్మ బయటికి వచ్చేసరికి పాప వాకిట్లో లేదు.

"సుబ్బక్కా, మా గిడ్డమ్మను చూసినావా?"

"దిబ్బ కాడ కూసోనుండాది. ఎవడో కొత్తోడి పక్కన."



పెన్న మీద వంతెన కడుతున్నారు. స్తంభం నిలవాలంటే చిన్నపిల్లను బలి ఇవ్వాలంట. ఊరంతా అదే మాట.

పైగా ఆ దిబ్బ దగ్గరికి ఎవరూ పోరు. అక్కడున్న రాతి విగ్రహం అరచెయ్యి ఎత్తి 'రావద్దు' అంటోందని పెద్దలు చెప్పేవాళ్ళు.

గురమ్మ పరుగెత్తింది.

కొత్తమనిషి కాగితం మీద ఆ రాతి చేతిని గీస్తున్నాడు. మధ్యమధ్యలో వేళ్ళు మడిచి, చాచి పాపకు చూపిస్తున్నాడు.

నాలుగేళ్ళొచ్చినా ఒక్క మాట రాని పిల్ల, అచ్చం అట్లే వేళ్ళు తిప్పుతోంది. నవ్వుతోంది కూడా.

"ఏమప్పా! యాడోడివి నువ్వు?"

అతను తల ఎత్తలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాకే చూశాడు. చూపంతా ఆమె నోటి మీదే.

"బిడ్డకు ఏం మంత్రం పెడతాండావు?"

"మంత్రం కాదు. బుద్ధుడు." మాట ముద్దముద్దగా వచ్చింది. తాగినాడో ఏమో. "చెయ్యి ఎత్తితే, భయపడొద్దు అని. కిందికి చాపితే, తీసుకో అని. నోరు తెరవకుండానే చెప్తాడు."

"నోరు లేని బిడ్డని ఎగతాళి చేస్తాండావా?"

"నోరుంది. చెవి లేదు. మద్రాసులో బడి ఉంది. పంపు. నేను తీసుకుపోతా."

అంతే. గురమ్మ పాపను లాక్కుని కేక పెట్టింది.

"పిల్లల్ని ఎత్తకపోయేటోడు! రాండి, అందరూ రాండి!"

మొగుడు నరసన్న ముందు వచ్చాడు. వెనకే వీధంతా. కాగితాలు చించారు. చొక్కా పట్టుకుని దిబ్బ దించారు.

అతను సంచీ భుజాన వేసుకుని నడిచాడు. రోడ్డెక్కేదాకా గురమ్మ వెనకనుంచి తిడుతూనే ఉంది. అతను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

"ఎంత పొగరో సూడు," అంది సుబ్బక్క.

మూడేళ్ళకు కడప ఆస్పత్రి డాక్టరు పాప చెవులు చూసి, మద్రాసు బడికే చీటీ రాసిచ్చాడు.

"ఇంత ఆలస్యమా? నాలుగేళ్ళప్పుడే తెచ్చి ఉంటే ఈపాటికి ఎంత నేర్చుకునేదో!" అన్నాడు మద్రాసు బడి పెద్దమాస్టరు.

గురమ్మ వినడం లేదు. గోడ మీద పటం చూస్తోంది. దండ వేసిన పటం.

"ఈయప్ప ఎవరు సారూ?"

"మా బొమ్మల మాస్టరు. పోయినేడు కాలం చేశారు. సెలవులిస్తే చాలు, శిల్పాల చేతులు గీసుకుంటూ ఊళ్ళు తిరిగేవారు. మా చిన్నపిల్లలకు ఆ చేతులే మొదటి పాఠం."

గురమ్మ పటానికి చేతులెత్తి మొక్కింది.

"శానా పాపం చేసినా సారూ. ఆయప్ప పోతాంటే ఎనకనించి నోటికొచ్చినట్టల్లా తిట్టినా. అన్నీ మనసులో పెట్టుకోని పోయింటాడు."



"ఒక్కటి కూడా విని ఉండరమ్మా, ఆయనది పుట్టు చెవుడు."