మంచం నుంచి కుళాయికి పదకొండు అడుగులు

"అది కూడా తుడిసేయ్ బాబూ," అంది అప్పలనర్సమ్మ.

ఫణీంద్ర మళ్ళీ రబ్బరు తీశాడు. హిజ్లీ కాలేజీలో ఇళ్ళ ప్లాన్లు గీయడమే అతని చదువు. ఝపటాపూర్‌లో అప్పలనర్సమ్మ వాళ్ళు కట్టబోయే ఇంటి కింది అంతస్తు ప్లాను కోసం ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే క్వార్టరుకు సైకిలేసుకుని రావడం ఇది నాలుగో ఆదివారం.

"ఇప్పుడేటయినాది అత్తా?" వంటింట్లోంచి వచ్చింది కోడలు మీనాకుమారి.

"మంచం కాణ్నుంచి కుళాయికి పదకొండడుగులుండాల."

"తొమ్మిదే పెట్టాను మామ్మగారూ. ఇంకా దగ్గర."

"దగ్గరెవులడిగినారు? పదకొండే. నీ టేపు అడుగులు కాదు, నా అడుగులు."

మంచం మీంచి లేచి, తల వంచకుండా కుళాయి దాకా చకచకా నడిచి చూపించింది. సరిగ్గా పదకొండు. ఫణీంద్ర వెనకాలే టేపు పట్టుకుని పరిగెత్తి, ఆ కొలతే ప్లానులో దిద్దాడు.

"గుమ్మం ఎడంసేతికి రావాల. మద్దిలో మెట్లొద్దు. బీరువా ఆ గోడకే ఉండాల."

"ఆ గోడకి నా కిటికీ అత్తా!"

మీనాకుమారి అడిగింది ఆ ఒక్కటే. వంటింట్లోంచి వరండా కనిపించాలి. పోయిన నెల రెండేళ్ళ కూతురు రష్మిత గేటు దాటి రోడ్డెక్కేసింది. అప్పట్నుంచి తను పోపు వేసేలోపు మూడుసార్లు బయటికి పరిగెడుతోంది.

"కిటికీ ఎందుకే? గుంటని నాను సూత్తన్నాను కదా."

"ఆవేళా నువ్వే సూసినావు. పక్కనే కూకున్నావు."

"ఆవేళ దాని కాలి పట్టీలు తోమడానికి తీసీసినావు నువ్వు!"

"పట్టీలకీ గేటుకీ ఏటి సమ్మందం?"

"దిష్టి! నీకు తెల్దు. నీళ్ళోసినప్పుడు కూడా తియ్యకు."

మీనాకుమారి విసుగ్గా ప్లాను లాక్కుని చూసింది. నోరు తెరిచింది.

"ఓలమ్మో! ఇది మన క్వార్టరే కదా!"

ఫణీంద్ర తొంగిచూశాడు. వరండా, గుమ్మం, వంటిల్లు, కుళాయి. అంగుళం తేడా లేదు.

"నాలుగు వారాలు కష్టపడి గీశానక్కా," అన్నాడు నీరసంగా.

మూడు తరాలుగా ఈ ఇంటిల్లిపాదీ తిట్టుకుంటున్న క్వార్టరది. మీనాకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇలాగే కట్టుకోండి. కిటికీ లేకపోతే పిల్లనట్టుకుని నేను ఇక్కడే ఉండిపోతాను."

వరండాలో పట్టీలు ఘల్లుమన్నాయి. అప్పలనర్సమ్మ చెవి అటు తిప్పింది.

"కిటికీ కాళ్ళకడ్డం రాదు కదా బాబూ?"

"గోడలో ఉంటుంది మామ్మగారూ. ఎలా అడ్డమొస్తుంది?"

"ఠీక్ హై. పెట్టు. మిగతాది మాత్రం ముట్టుకోకు."

మనసు మార్చుకునేలోపే ఫణీంద్ర ప్లానులో బీరువాని అదే గోడకి కాస్త పక్కకి జరిపి కిటికీ గీసేశాడు. మందపాటి డ్రాయింగు షీటు ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని మొహానికెదురుగా ఎత్తి పట్టుకుని చాలాసేపు తల ఊపింది.

"ఇప్పుడు సరిగ్గొచ్చినాది. కిటికీ కూడా ఎంత అందంగుందో సూడు కోడలా!"

మీనాకుమారి చూసింది. గీతలన్నీ తన వైపే ఉన్నాయి.

అత్తగారి వైపు ఉన్నది తెల్లకాగితం.