చిన్న టర్బో

"ఈ బండితో రేసులకి ఎలా వెళ్ళారు మేడమ్?" అన్నాడు మెకానిక్, విప్పిన పైపు మీంచి తల ఎత్తి. నా కారు కొనబోయేవాళ్ళు పంపిన మనిషి.

"బయలుదేరడంలోనే వెనకబడతాను. నీ కాలిది పెళ్ళినడక అంటాడు మా అన్నయ్య. అందుకే మానేసి అమ్ముకుంటున్నా."

అన్నయ్యదీ ఇదే రకం కారు. అతనూ రేసులకి వెళతాడు. రెండు కార్లకీ మరమ్మతు చేసేది అతనే.

"మీ కాలికేం రోగం లేదు. ఇందులో ఇంజన్‌కి గాలి ఎక్కించే టర్బోలు రెండు. ముందు చిన్నది గిర్రున తిరిగి బండిని తోస్తుంది, వేగం అందుకున్నాక పెద్దది లాగుతుంది. మీ చిన్నదానికి ఇంజన్ పొగ అందితేగా తిరగడానికి! దారికి అడ్డంగా ఎవరో రేకు పెట్టి అతికేశారు."

"ఎవరో అంటే?"

టార్చి నా చేతికిచ్చాడు. వంగి చూశాను. రేకు చుట్టూ సన్నటి వెల్డింగ్, చివర్న కొక్కెంలాంటి చిన్న మెలిక. అదే మెలిక మా ఇంటి గేటుకుంది, అమ్మ కుర్చీకుంది, చిన్నప్పుడు విరిగితే అన్నయ్య అతికిచ్చిన నా సైకిలుకుంది.

ఓడిన ప్రతిసారీ నా కాలిని నేనే తిట్టుకున్నాను. కప్పు ఎత్తిన అన్నయ్యకి అందరికన్నా ముందు ఈల వేసిందీ నేనే.